మాకు రావలసినది

బేరం అనే మాటకు మన భాషలో రెండు రకాల గౌరవాలున్నాయి. మగవాడు బేరం చేస్తే వ్యవహారం తెలిసినవాడంటారు. ఆడది బేరం చేస్తే గీసిగీసి అడుగుతోందంటారు, ఇంకా గట్టిగా అడిగితే గయ్యాళి అంటారు. పదిమంది ఆడవాళ్లు కలిసి అడిగితే చేపల బజారు అంటారు. ఆ బజారులో చేపలమ్మి పిల్లల్ని పెంచుకుంటున్నది ఎవరో ఆ మాట అనేవాళ్లకు గుర్తుండదు. స్పోర్ట్స్ పేజీకి రాస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపిన నాకు, మైదానంలో ఆడపిల్లలు ఓడిపోవడం కన్నా వాళ్లు డబ్బు అడగడమే జనానికి ఎక్కువ ఇబ్బందిగా ఉంటుందని చాలాకాలం కిందటే అర్థమైంది.

2025 జూలైలో ఇండియానాపొలిస్‌లో డబ్ల్యూఎన్‌బీఏ, అంటే అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్, ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగింది. ఆటకు ముందు రెండు జట్ల వాళ్లూ ఒకే రకం నల్ల టీషర్టులు వేసుకుని వచ్చారు. 'మీరు మాకు బాకీ ఉన్నది మాకు చెల్లించండి' అని దానిమీద రాసి ఉంది. ఏజెన్సీ వార్తగా అది మన దాకా వచ్చేసరికి 'జీతాలు పెంచాలని డిమాండ్' అయిపోయింది. ఈ రెండూ ఒకటి కావు. పెంచమనడం విన్నపం. బాకీ తీర్చమనడం లెక్క అడగడం. జీతం పెంచకపోతే యజమాని పిసినారి అవుతాడు, బాకీ తీర్చకపోతే ఇంకేదో అవుతాడు. ఆ టీషర్టు మీది మాట నిజమా, కాదా? ఆటాడే మనిషికి ఎవరు బాకీ, ఎంత బాకీ? ఆ వార్తలు రాస్తున్నన్నాళ్లూ నన్ను పట్టుకున్న ప్రశ్న అదే.

ఎదుటి వాదన తేలికైనది కాదు. ఆ లీగ్ 1997లో ఆడటం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి మగవాళ్ల లీగ్ అండతోనే నిలబడింది. టికెట్లు అమ్ముడుపోనప్పుడు, టీవీ వాళ్లు పట్టించుకోనప్పుడు ఏ ఆదాయంలో వాటా అడుగుతారు? నా మిత్రులు, అందులో స్త్రీల హక్కుల గురించి నాకన్నా ఎక్కువ చదివినవాళ్లు కూడా, ఇదే అడిగారు. దీనికి మామూలుగా చెప్పే జవాబు ఒకటుంది. ఆదాయం ఆకాశం నుంచి ఊడిపడదు, చూపిస్తేనే చూస్తారు. 2024లో ఆ లీగ్ టీవీ హక్కులు 11 ఏళ్లకు సుమారు 220 కోట్ల డాలర్లకు కుదిరాయి. ఆ ఏడాదే స్టేడియాలు నింపిన కెయిట్లిన్ క్లార్క్ మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. మగవాళ్ల లీగ్‌లో ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకు వెళ్తుంది. ఆడవాళ్లకు వెళ్లేది అంతకు చాలా తక్కువ. 2024 అక్టోబరులో ఆటగత్తెల సంఘం పాత ఒప్పందం నుంచి ముందే బయటికి వచ్చిందంటే ఈ లెక్క చూసుకునే.

జవాబు బాగానే ఉంది కానీ నాకు చాలదు. ఇది సంత ఒప్పుకున్న విలువను మనమూ ఒప్పుకుని, ఆ విలువ ఇప్పుడు పెరిగింది కాబట్టి ఇవ్వండి అంటుంది. రేపు జనం రావడం మానేస్తే? క్లార్క్ రాకముందు ఇరవై ఏడేళ్లు ఆడినవాళ్లకు ఎవరూ ఏమీ బాకీ లేరా? చూసేవాళ్లు లేని పనికి విలువ లేదనే తర్కాన్ని స్త్రీల మధ్య కూర్చుని ఎవరైనా ఒప్పించగలరా? ఇంట్లో మనం చేసే చాకిరీకి టికెట్ కొని చూసేవాళ్లు ఎప్పుడూ లేరు.

నాకు తోవ చూపించింది 2020 జనవరిలో కుదిరిన ఒప్పందం. అందులో జీతాల అంకెలు ఒక పక్కనుంచి, మిగతావి చూడండి. ప్రసూతి సెలవులో పూర్తి జీతం. పిల్లల సంరక్షణకు ఏటా 5,000 డాలర్లు. పిల్లలున్న ఆటగత్తెకు రెండు పడకగదుల ఇల్లు. ప్రయాణాల్లో హోటల్లో ఒక్కొక్కరికి ఒక్కో గది. కాళ్లు చాపుకునే వీలున్న విమానం సీటు. ఆరడుగుల పైబడిన మనుషులు ఇరుకు సీట్లలో కూర్చుని ప్రయాణం చేసి, మర్నాడు ఆడాల్సి వచ్చేది. 2018 ఆగస్టులో లాస్‌వేగస్ జట్టు ఇరవై అయిదు గంటలకు పైగా విమానాశ్రయాల్లో, విమానాల్లో గడిపి, ఇక ఆడలేమని వాషింగ్టన్‌లో మ్యాచ్ వదులుకుంది. దాన్ని ఓటమిగానే రాశారు లెక్కల్లో. ఈ కోర్కెల్లో ఏదీ లాభంలో వాటా కాదు. ఇవి శరీరానికి సంబంధించినవి. ఆదాయం ఉన్నా లేకపోయినా, పని చేయించుకుంటున్నారు కాబట్టి పడే బాకీ ఇది. వాటా వేరు, ఈ బాకీ వేరు. వాటా లాభాన్నిబట్టి మారవచ్చు. రెండోది మారడానికి వీల్లేదు. ఈ తేడా గుర్తించకపోతే ఎదుటివాడు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొడతాడు.

ఇక మన సంగతి. మన దగ్గర ఒప్పందం అనే మాట అరుదు, నజరానా అనే మాటే ఎక్కువ. తెలుగు పత్రికలు ఎంత ఇష్టంగా వాడతాయో ఆ మాటను! 2025 నవంబర్ 2న మన మహిళల జట్టు క్రికెట్ ప్రపంచకప్ గెలిచింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆ అమ్మాయికి దక్కాలి, ఇంకా ఎక్కువ దక్కినా నాకు సంతోషమే. కానీ నజరానా గెలిచినదానికే వస్తుంది. గెలిచాకే వస్తుంది. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడు నిర్ణయిస్తాడు. తీసుకునేటప్పుడు నవ్వుతూ ఫొటో దిగాలి. జీతం తీసుకునేటప్పుడు ఎవరూ దండం పెట్టక్కరలేదు కదా. 2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున ముట్టిందని ఆనాటి కెప్టెన్ మిథాలీ రాజ్ తర్వాత ఎప్పుడో చెప్పారు. 2022 అక్టోబరులో బోర్డు మ్యాచ్ ఫీజులు సమానం చేసింది, టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, ట్వంటీ-20కి 3. అందరం చప్పట్లు కొట్టాం. వార్షిక ఒప్పందాల్లో మాత్రం 2024-25లో మగవాళ్ల పై శ్రేణికి 7 కోట్లు, ఆడవాళ్ల పై శ్రేణికి 50 లక్షలు. సమానత్వాన్ని ఏ గడిలో పెట్టాలో కూడా ఇచ్చేవాళ్లే నిర్ణయించారు. ఆ బల్లకు ఈ పక్కన ఆటగత్తెల సంఘం ఏదీ కూర్చుని లేదు.

2010 జనవరిలో హాకీ జట్టు కథ ఇంకా చిత్రం. ముందు మగవాళ్లు పుణె శిబిరంలో సాధన మానేసి డబ్బు సాధించుకున్నారు. తర్వాత భోపాల్ శిబిరంలో ఆడవాళ్లు అడిగారు. వాళ్లు ఆట మానలేదు, నల్ల రిబ్బన్లు కట్టుకుని సాధన చేశారు, చందాల కోసం బ్యాంకు ఖాతా తెరిచారు. దేశం తరఫున ఆడేవాళ్లు దేశాన్ని చందా అడిగారు! మగవాళ్లు పని ఆపితే అది సమ్మె అయింది, ఆడవాళ్లు పని చేస్తూనే అడిగితే అది జాలికథ అయింది.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. మన బాస్కెట్‌బాల్ అమ్మాయిలకు అమెరికా తరహా లీగ్ లేదు కానీ రైల్వే ఉంది. తొమ్మిది ఆసియా చాంపియన్‌షిప్‌లు ఆడి 2021లో పద్మశ్రీ అందుకున్న అనిత దక్షిణ రైల్వే ఉద్యోగి. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల సెలక్షన్ పరీక్షలకు వెళ్లిన మొదటి భారతీయురాలు గీతు అన్నా జోస్ కూడా అక్కడి ఉద్యోగే. ఆ కొలువులో ప్రసూతి సెలవు ఉంది, పక్క సీటు మగ గుమాస్తాతో సమానమైన జీతం ఉంది. ప్రేక్షకులు వచ్చారా లేదా అని ఎవరూ అడగరు. అమెరికాలో సీజన్ అయిపోగానే డబ్బు కోసం రష్యా వెళ్లి ఆడిన బ్రిట్నీ గ్రైనర్ 2022లో అక్కడి జైల్లో నెలల తరబడి మగ్గింది. మన అమ్మాయికి ఆ గతి లేదు. నేను చెప్పిన రెండో బాకీని మన పాత సర్కారీ పద్ధతి వాళ్లకన్నా మెరుగ్గానే తీర్చింది. కానీ అది గుమాస్తాకు తీర్చింది. ఆటగత్తెకు కాదు. ఎవరు ఎంపిక చేస్తారు, ఎక్కడ పడుకోబెడతారు, ఎవరి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, వీటిలో ఆమె మాటకు చోటు లేదు. 2023లో మల్లయోధురాళ్లు జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు 'ఉద్యోగాలిచ్చాం, పతకాలకు కోట్లిచ్చాం, ఇంకేం కావాలి' అన్నవాళ్లను నేను చెవులారా విన్నాను. నజరానా అసలు ధర అప్పుడు తెలుస్తుంది.

మా ఉయ్యూరులో మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ల జరుగుతుంది. భర్తతో సహగమనం చేసిందని చెప్పుకునే మనిషి ఆమె. బందరు రోడ్డు పొడుగునా జనం. గండదీపాలు, కానుకలు. తనను తాను ఇచ్చేసుకున్న ఆడదానికి ఇంత చేసే ఊరు, లెక్క అడిగే ఆడవాళ్లతో ఎలా ఉంటుందో చూడాలంటే తిరునాళ్లకు కాదు, నాట్లకు రావాలి.

ఇక్కడ ఊడ్పులకు ఆడవాళ్లు ముఠా కట్టి, ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు. మాట్లాడేది ముఠా పెద్దమ్మ. ఒకసారి ఆమెను అడిగాను, బేరం ఎప్పుడు మొదలుపెడతావని. "నారు మేం చూత్తన్నామని ఆయనకి తెలిసినప్పుడమ్మా" అంది. కాలవకు నీళ్లొచ్చి, చేను దమ్ము చేసి, నారు ముదిరిపోతుంటే రైతుకు రోజు రోజూ నష్టమే. అప్పుడు అడగాలి. రైతులు దాన్ని అన్యాయం అంటారు. సమయం చూసి దెబ్బకొట్టడమంటారు. పొలం, నీటివంతు, అప్పు ఇచ్చే చేయి అన్నీ ఒకవైపే ఉన్నప్పుడు, రెండోవైపు ఉన్నది ఆ నాలుగు రోజులే. దాన్ని కూడా వాడుకోకూడదనే నీతి ఎవరికి పనికొస్తుంది?

2025 డిసెంబరులో అమెరికా ఆటగత్తెలు అవసరమైతే సమ్మె చేసే అధికారం తమ నాయకత్వానికి ఇస్తూ ఓటు వేశారు, 98 శాతం అవుననే. గడువు ఒకసారి అక్టోబరు ఆఖరుకు, ఇంకోసారి నవంబరు ఆఖరుకు, మళ్లీ జనవరికి జరిగింది. చదువుతుంటే నాకు నారుమడే గుర్తొచ్చింది. కొత్త సీజన్ దగ్గర పడుతుంటే యజమానులకు నారు ముదురుతుంది. అయితే ముదిరేది అదొక్కటే కాదు. ముప్పై రెండేళ్ల ఆటగత్తె మోకాలు కూడా ముదురుతుంది. ఆమె కోల్పోయే సీజన్ తిరిగి రాదు. మా ముఠాకూ అలాంటి దెబ్బే తగిలింది. వెదజల్లే పద్ధతి వచ్చింది, నాటే యంత్రాలొచ్చాయి, ఆ నాలుగు రోజుల బలం కొన్ని పొలాల్లో పోయింది. బంతిని ఇంకా యంత్రం ఆడటం లేదు, అదొకటి వాళ్ల అదృష్టం.

ఈ వార్తలు రాసేవాళ్లు తటస్థంగా ఉండాలంటారు. తటస్థం ఎక్కడుంటుందో క్రియాపదాల్లో చూడాలి. మన శీర్షికల్లో యజమానులు 'ప్రతిపాదిస్తారు', 'ముందుకొస్తారు', 'ఇవ్వజూపుతారు'. ఆటగత్తెలు 'పట్టుబడతారు', 'మెట్టు దిగరు', 'మొండికేస్తారు'. వాళ్లు ఏళ్ల తరబడి ఆదాయంలో వదులుకున్నదాన్ని 'ఇచ్చారు' అని ఎవరూ రాయరు. నేను లైన్ అకౌంట్ మీద రాసే కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టాను. అచ్చయిన వరుసలు కొలిచి డబ్బులిచ్చే పద్ధతి అది. ఒక దినపత్రికలో నా ఆడవాళ్ల క్రీడల వార్తలు రెండంగుళాలకు కోసి, కోశాక మిగిలినదానికే కట్టేవారు. వేజ్‌బోర్డు సిఫార్సులను సుప్రీంకోర్టు 2014లో సమర్థించినా ఆ ఫలం మాలాంటి కంట్రిబ్యూటర్ల దాకా రాలేదు. వెడల్పు తగ్గించిన పనికి తగ్గించిన కూలి. ప్రేక్షకులు లేరు కాబట్టి జీతం లేదనే వాదన నాకు ఎక్కడ విన్నట్టుందో ఇప్పుడు చెప్పక్కరలేదు. కాబట్టి ఆ వార్త రాసేటప్పుడు నేను 'లెక్క అడిగారు' అనే రాస్తాను, డెస్క్ మార్చుకుంటే మార్చుకోనీ.

ఇంకొకటి మిగిలింది. ఆటగత్తెల సంఘం 1998లో ఏర్పడింది, మొదటి ఒప్పందం 1999లో. ఆనాడు బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరూ ఇప్పుడు కుదిరే జీతాన్ని తీసుకోరు. తమకు రాని డబ్బు కోసం బేరం చేయడాన్ని త్యాగం అనబుద్ధేస్తుంది, కానీ ఆ మాట నాకు భయం. ముఠా పెద్దమ్మను దీని గురించి కూడా అడిగాను, వాళ్ల ముఠాలో నడుం వంగని ముసలామె ఒకతె ఉంటే. గట్టున నిలబడి నారుకట్టలు అందిస్తుంది, మంచినీళ్లు తెస్తుంది. గుత్త డబ్బు పంచుకునేటప్పుడు ఆమెకు ఎంత ఇస్తారని అడిగితే పెద్దమ్మ నన్ను విచిత్రంగా చూసింది.

"అందరికీ ఎంతో ఆమెకీ అంతే. ఈ రేటు మొదట మాట్లాడింది ఆమేగా!"