రూమ్మేట్ పాటల పుస్తకంలో రాగం, తాళం

ఈ వారం వీడియోలో కీర్తనల గురించి మాట్లాడుకున్నాం కదా, అక్కడ చెప్పకుండా మిగిలిపోయిన మాట ఒకటుంది.

నా రూమ్మేట్ క్రిస్టియన్. వాడి అరలో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉంటుంది. ఓ రోజు ఊరికే తెరిచి చూస్తే కీర్తనల పైన రాగం, తాళం! కింద పల్లవి, చరణాలు. "మావన్నీ కాపీ కొట్టేశార్రా" అనేశాను. వాడు ఏమీ అనలేదు, పుస్తకం తీసి లోపల పెట్టేసుకున్నాడు. అది నాకు గుచ్చుకుంది. అందుకే కాస్త చదివాను.

చదువుతూ డోర్నకల్ దగ్గర ఆగాను. అక్కడి పెద్ద చర్చికి 1939లో ప్రతిష్ఠ జరిగింది. చూస్తే గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిపి కట్టినట్టు ఉంటుంది. కట్టించింది బిషప్ అజరయ్య. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తిరునెల్వేలి వైపు తమిళుడు, తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. పల్లెల్లో యేసు కథని తెలుగు పాటల్లోనే పాడించారు.

అయితే పాట మనదైనా, అందులోని సంగతి ఆయన దాచలేదు. యేసే రక్షకుడని సూటిగా చెప్పారు. మతమార్పిడి వద్దన్న గాంధీగారితోనూ ఏకీభవించలేదు. నేను గాంధీగారి వైపే, అది వేరే సంగతి. కానీ ఎదుటివాడు ఏం నమ్ముతున్నాడో విన్నాకే కదా కాదనాలి! గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు మాటకి కూడా తపస్సు చెప్పాడు. మాట బాధపెట్టకూడదు, సత్యం కావాలి, ప్రియం కావాలి, హితం కావాలి. నాలుగూ కలిస్తేనే. "అన్నీ ఒకటేలే" అని దాటేస్తే ప్రియం ఉంటుంది, సత్యం ఎగిరిపోతుంది. ఇక ఆశలు చూపించి, మన దేవుళ్లని తిట్టి ప్రచారం చేసేవాళ్లంటే నాకూ మంటే. ఆ మంట రూమ్మేట్ మీద చూపించడం మాత్రం నా తప్పు.

1910లో ఎడిన్‌బరో మిషనరీల సభలో అజరయ్యగారు తెల్లవాళ్ల ముఖం మీదే చెప్పారు: మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలి అని.

మొన్న రాత్రి "అసలు నువ్వేం నమ్ముతావురా?" అని అడిగాను. "రెండేళ్లకి అడిగావు" అన్నాడు. సిలువ గురించి, క్షమాపణ గురించి చాలాసేపు చెప్పాడు. మధ్యలో అడ్డు తగలకుండా ఉండటానికి తల ప్రాణం తోకకొచ్చింది. అయ్యాక, "ఇప్పుడు నువ్వు చెప్పు, శరణాగతి అంటే ఏంటి?" అన్నాడు.

రోజూ విష్ణు సహస్రనామం చదివేవాణ్ణి. పది నిమిషాలు తడుముకుని, తెల్లారగానే అమ్మకి ఫోన్ చేశాను.