కట్టకముందే కూర్చుని లెక్క చూసుకుందాం



మా విచారణ సమావేశ మందిరంలో నేనే ఒక బోర్డు రాయించి పెట్టాను: "అవసరం తీరగానే లైట్లు, ఫ్యాన్లు ఆర్పివేయండి" అని. ఒక వేసవి ఆదివారం సత్యోపదేశ తరగతి ముగిశాక, ఒక పిల్లవాడు ఆ బోర్డు చదివి బుద్ధిగా లైట్లన్నీ ఆర్పివేశాడు. అప్పుడు ఉదయం పదకొండు గంటలు. బయట కళ్లు చెదిరే ఎండ. లోపల పుస్తకాలు సర్దుకుంటున్న పిల్లలు మాత్రం "చీకటి! చీకటి!" అని కేకలు పెట్టారు. వాడు బెదిరిపోయి మళ్లీ స్విచ్చి వేశాడు. వాణ్ణి నేను ఏమీ అనలేకపోయాను. తప్పు వాడిది కాదు, నాది.

ఆ మందిరం కట్టించింది నేనే. రోడ్డు పడమటి వైపు ఉంది కనుక, చూపరులకు అందంగా ఉండాలని పొడవాటి గోడను అటే పెట్టించి అద్దాలు బిగించాం. సాయంత్రపు ఎండకు లోపల కూర్చోలేక, తర్వాత ఆ అద్దాలకే దళసరి తెరలు వేశాం. తూర్పు గోడను ప్రహరీకి ఆనించి కట్టడంతో అటు కిటికీలు లేవు. ఉత్తరాన వేదిక, దక్షిణాన సామాను గది. ప్లాను గీసేనాడు మేము మాట్లాడుకున్నవి రెండే సంగతులు: ఎంతమంది పడతారు, ఎంత ఖర్చవుతుంది. ఏ వేళప్పుడు ఎవరు కూర్చుంటారు, వారికి గాలీ వెలుతురూ ఎటునుండి వస్తాయి అని ఒక్కరమూ అడగలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. విద్యుత్తును పొదుపు చేయవలసిన బాధ్యత స్విచ్చి నొక్కే చేతిదా, ప్లాను గీయించిన చేతిదా?

"ఫాదర్ గారూ, ఎవరి బిల్లు వారు కట్టుకుంటున్నప్పుడు ఇందులో పాపపుణ్యాల ప్రసక్తి ఏముంది?" అని మీలో కొందరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక చిన్న లెక్క చూడండి. ఆ మందిరంలో వారం రోజులూ మహిళలకు కుట్టు శిక్షణ జరుగుతుంది. అక్కడున్నవి పదహారు పాత ట్యూబులైట్లు. చోకుతో కలిపి ఒక్కొక్కటి సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. పట్టపగలు ఐదు గంటలు వెలిగితే 4 యూనిట్లు. బొగ్గుతో ఒక యూనిట్ తయారు కావడానికి ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే, ఆకాశంలో సూర్యుడు ఉండగా వెలుతురు కోసం రోజుకు దాదాపు మూడు కిలోల బొగ్గు కాల్చాం. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే ఉంటుంది. బిల్లు కట్టింది మేమే. కాని ఆ బూడిద మా వాకిట పడలేదు. థర్మల్ కేంద్రం పక్కన ఊళ్లవారి వాకిట పడింది.

ఇంకొక సంగతి. విద్యుత్తు బియ్యంలా గాదెలో దాచుకునే వస్తువు కాదు. బ్యాటరీల వంటివి వచ్చినా, నేటికీ చాలావరకు వాడే క్షణానికే తయారు కావాలి. అందరూ ఒకేసారి వాడే వేళకు సరిపడా లేకపోతే, పంపిణీ సంస్థలు ఎక్కువ ధరకు కొనాలి, లేదా ఎవరికో ఒకరికి ఆపాలి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొరత వచ్చినప్పుడు పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఫ్యాక్టరీ ఆగిన రోజున దినకూలీ ఇంట్లో పొయ్యి పరిస్థితి ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. బిల్లు కట్టడంతో మన ఋణం తీరిపోదు. మనందరం ఒకే చెరువులో నీళ్లు తోడుకుంటున్నాం.

పునీత తోమాసు అక్వినాసు వారు ఆస్తిని గురించి చర్చిస్తూ, సంపాదించి చూసుకోవడంలో వస్తువు మనదే అయినా, వాడుకోవడంలో అది అందరిదీ అన్న భావంతో ఉండాలని బోధించారు. వివేకం అనే సుగుణంలో ముందుచూపు ముఖ్యమైన భాగమని కూడా వారే చెప్పారు. సెమినరీలో ఈ పాఠాలు చదివి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. మందిరం ప్లాను బల్లమీద పరచినప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు!

లైటు ఆర్పడం చిన్న విషయమని నేను అనడం లేదు. ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో దానిని కూడా ప్రస్తావించారు. అదే లేఖలో, నివాస ప్రాంతాలకు రూపకల్పన చేసేటప్పుడు అక్కడ బ్రతకబోయేవారి అభిప్రాయం తీసుకోవాలనీ కోరారు. మొదటి మాటను మనం పిల్లలకు బోధిస్తాం. రెండోది పెద్దలకు చెప్పినది గనుక మరచిపోతాం. లైటు ఆర్పనివాడి అశ్రద్ధ ఒక పూట ఉంటుంది. తప్పు దిక్కుకు కట్టిన గోడ యాభై ఏళ్లు ఉంటుంది.

"బీదవాళ్లం, మాకు ఇవన్నీ ఎక్కడ సాధ్యం?" అనకండి. ముఖ్యమైన వాటికి పెద్ద ఖర్చే లేదు. మన ప్రాంతంలో పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు ఉంటే ఎండను సజ్జలతో ఆపవచ్చు. పడమటి నుండి ఏటవాలుగా వచ్చే ఎండను సజ్జ ఆపలేదు. దానికి వేపో, కానుగో నాటాలి. డాబాపై తెల్లసున్నం వేస్తే గది వేడి తగ్గుతుంది. ఎదురెదురు కిటికీలుంటే గాలి ఆడుతుంది. తిరువనంతపురంలోని లొయోలా దేవాలయాన్ని లారీ బేకర్ గారు ఇటుకల మధ్య సందులు వదిలిన జాలీ గోడలతో కట్టారు. గాలీ వెలుతురూ ఆ సందుల గుండానే వస్తాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు నియమావళి, 2018లో నివాస గృహాలకు మరొకటి వచ్చాయి. మా మందిరం వంటి చిన్న కట్టడాన్ని ఏ అధికారీ వచ్చి తనిఖీ చేయడు. చట్టం చూడని చోటనే మనస్సాక్షికి పని.

గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ఆ లెక్క ఇటుక, సిమెంటుతో ముగియదు. కట్టడం నిలిచినంత కాలం దానికి ఎంత కరెంటు పోయాలి, ఆ భారం ఎవరు మోయాలి అన్నది కూడా లెక్కే.

ఇప్పుడు కుట్టు శిక్షణకు వేరే రెండు గదులు కట్టాలనుకుంటున్నాం. ఈసారి ప్లాను గీయకముందే ఆ స్త్రీలను పిలిచి కూర్చోబెట్టాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒకామె లేచి, "ఫాదర్ గారూ, సూదిలో దారం ఎక్కించడానికి ఎడమవైపు నుండి వెలుతురు రావాలండి. కిటికీ అటు పెట్టించండి చాలు" అంది. ఆ మాట ఏ ఇంజనీరూ నాకు చెప్పలేదు. నేను అడిగినదీ లేదు.

మీరు ఇల్లు కట్టబోతున్నారా? వంట చేసే మీ ఇల్లాలినీ, మధ్యాహ్నం మంచంమీద పడుకునే మీ అమ్మనూ ముందు అడగండి. ఆ తరువాతే గీత గీయించండి.