సాధన చేస్తే పూనకం అబద్ధమా?

ఆషాఢంలో లష్కర్ బోనాల నాడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి వీధుల్లో కొరడా ఛెళ్లుమందంటే జనం చటుక్కున దారి వదులుతారు. ఒంటినిండా పసుపు, నుదుట కుంకుమ, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు. వస్తున్నది అమ్మవారి తమ్ముడు పోతరాజు. డప్పు దరువు ముదిరేకొద్దీ ఆయన ఊగిపోతాడు. పూనకమంటారు. మరి ఒళ్లు తెలియనివాడు అంత ఇరుకులో కొరడా ఎలా ఆడించగలడు? అది నేర్చిన విద్యే అయితే, దేవత పూనిందన్న మాటకు అర్థమేమిటి?

కొరడా పట్టడం ఎక్కడైనా నేర్చుకోవలసిన పనే. కొత్తవాళ్లు ముందు కళ్లద్దాలు, టోపీ, నిండు చేతుల చొక్కా వేసుకుని, చుట్టూ ఎవరూ లేని ఖాళీ జాగా చూసుకోవాలి. కొరడాను వెనక్కి తిన్నగా పరిచి, పిడిని తల పక్కనుంచి ఒకే గీతలో ముందుకు తెచ్చి, భుజమెత్తున ఆపేయాలి. అలా ఆపడంలోనే ఉంది కిటుకు. చెయ్యి ఆగినా తాడులో పడిన మెలిక ఆగదు. కొసకు పోయేకొద్దీ తాడు సన్నబడుతుంది కాబట్టి మెలిక వేగం పెరిగి, గాలిలో ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 343 మీటర్లను, దాటేస్తుంది. వినబడే చప్పుడు అప్పుడు పుట్టే ఘాత తరంగానిదే. అమెరికాలో గోరియెలీ, మెక్‌మిలెన్ అనే గణితవేత్తలు 2002లో ఈ లెక్క తేల్చారు. బలంకొద్దీ విసిరితే మాత్రం చప్పుడు సరిగా రాకపోగా, కొస వచ్చి సొంత చెవికే తగలొచ్చు.

ఐరోపాలో ప్లేగు రోజుల్లో కొరడాకు వేరే పని పెట్టారు. పాపం పోవాలని జనం గుంపులుగా ఊరూరా తిరుగుతూ తమను తామే కొట్టుకున్నారు. 1349లో పోప్ ఆరో క్లెమెంట్ ఆ ఊరేగింపులను ఖండించాడు. అక్కడ కొరడాతో చెల్లించిన మొక్కు నొప్పి. పోతరాజు కొరడాలో ముందుగా పలికేది చప్పుడు. నొప్పికి నేర్పు అక్కర్లేదు, చప్పుడుకు కావాలి.

నేర్పు సాధనతోనే వస్తుంది. గాలిలా నిలవని మనసును పట్టేదెలాగని అర్జునుడు అడిగితే, గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ జంటగా చెబుతాడు. పట్టు సాధించడం, పట్టు వదలడం రెండూ ఒకే మనిషికి కావాలన్నమాట. కొరడా పట్టిన చెయ్యి చేసేదీ అదే. చేతిలో దిగిన విద్యకు ఆలోచన అక్కర్లేదు. కాబట్టి సాధన చేశాడు గనుక పూనకం నటనేనని తేల్చెయ్యడం తొందరపాటు. ఊగుతున్నాడు గనుక దేవతేనని నమ్మెయ్యడమూ అంతే.

బోనాల మర్నాడు జరిగే రంగం అనే తంతులో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి పలికే మహిళను ఎవరూ సాధన చేశావా అని అడగరు. ఆమె మాట తప్పితే ఎవరి ఒళ్లూ చిట్లదు. పోతరాజు సంగతి అలా కాదు. పూనకం నిజమైనా కాకపోయినా, కొరడా అందేంత దూరంలో పిల్లలుంటారు. వాళ్ల కోసమైనా ఆయన ముందే చెయ్యి తిప్పుకుని రావలసిందే.