ఉండనవసరం లేని సిర

మా అన్నయ్యకు గుండెలో మిట్రల్ కవాటం మార్చే ఆపరేషన్ జరుగుతుండగా, ముందు పరీక్షల్లో కనబడని సిర ఒకటి బయటపడింది. తల, చేతుల నుంచి చెడురక్తం తెచ్చే పెద్దసిర చాలామందికి కుడివైపు ఒక్కటే ఉంటుంది. అన్నయ్యకు ఎడమవైపు కూడా ఉంది. రక్తాన్ని యంత్రంలోకి మళ్లించే రెండు గొట్టాలూ వేసి బిగించినా గుండె కుడి గదిలోకి రక్తం వస్తూనే ఉందట. డాక్టరు చెయ్యి ఆపి, అది ఎక్కడినుంచి వస్తోందో వెతికాడు.

తల్లికడుపులో అందరికీ రెండువైపులా సిరలుంటాయి. పుట్టేలోగా ఎడమది ఎండి చిన్న పోగులా మిగులుతుంది. 1850లో దాన్ని వివరించిన ఇంగ్లండు వైద్యుడు జాన్ మార్షల్ పేరే ఆ పోగుకు పెట్టారు. వెయ్యిమందిలో ముగ్గురికో ఐదుగురికో ఆ సిర ఎండదు.

"ఇన్నాళ్లూ ఈ లోపంతోనే ఉన్నారా?" అంది వదిన. డాక్టరు తమిళంలో "కురై ఇల్లమ్మా" అన్నాడు. కురై అంటే మన కొరతే. నిజమే, ఎక్కువగా ఉన్నదాన్ని పట్టుకుని కొరత అంటున్నాం!

పదిమందికి ఉన్నది ధర్మం, ఒకరికి ఉన్నది దోషం అనుకోవడం మనకు అలవాటు. పుస్తకంలోని బొమ్మ చాలా శరీరాలను చూసి గీసినది. ఏ శరీరమూ ఆ బొమ్మకు బాకీ లేదు.

అలాగని వేరుగా ఉన్నదంతా మంచిదే అనలేం. ఇదే సిర కొందరిలో ఎడమ గదిలోకి తెరుచుకుని మంచిరక్తంలో చెడురక్తాన్ని కలుపుతుంది. అప్పుడు సరిచేయవలసి రావచ్చు. కనుక అడగవలసింది "ఇది అందరికీ ఉందా?" అని కాదు, "ఇది ఇక్కడ ఏం చేస్తోంది?" అని. తల ఎడమవైపు రక్తానికి వేరే దారి చాలనప్పుడు దీన్ని అడ్డమనుకుని కట్టేస్తే మెదడుకే ముప్పు. అన్నయ్య సిరను వాళ్లు కట్టలేదు. దానికీ ఒక గొట్టం వేసి పని పూర్తిచేశారు.

మత్తులో ఉన్న మనిషి తన తరఫున చెప్పుకోలేడు. అతని బదులు ఆ ప్రశ్న కత్తి పట్టినవాడే వేసుకోవాలి. ఆ కాసేపు చెయ్యి ఆపడంలోనే నాకు నీతి కనిపించింది.

రేపు పేస్‌మేకర్ అవసరమైతే ఎడమవైపు నుంచి తీగ మామూలు దారిన పోదు కనుక, ఈ సంగతి రాసిన కాగితం దగ్గర ఉంచుకోమన్నారు. అన్నయ్య దాన్ని రేషన్ కార్డు మడతలో దాచుకున్నాడు.