కారము ఎక్కడ నున్నది?

బాగుగా పండి ఎఱ్ఱబాఱిన నాటుమిరపకాయ నొకదానిని నిలువున చీల్చి చూచినచో, తొడిమ క్రిందనుండి లోనికి దిగిన తెల్లని మెత్తని కండయు, దానిని కఱచుకొనియున్న పసుపువన్నె గింజలును కనిపించును. కారమంతయు గింజలలోనే యున్నదని మన యిండ్లలో వాడుక; కాని ఆ తీక్ష్ణద్రవ్యము పుట్టునది ఆ తెల్లని కండయందే గాని గింజలో గాదు. గింజ నాలుకను మండించుట ఆ కండను తాకియుండుటవలననే. విత్తునకు స్వతః కారము లేదు. అయినను ఆ విత్తునుండియే కారముగల కాయ పుట్టుచున్నది. మన తార్కికులు శతాబ్దములపాటు వాదించిన ప్రశ్న యంతయు ఈ చిన్ని గింజలో ఇమిడియున్నది: మొలవకముందు ఆ కారము ఎక్కడ నుండెను?

కార్యము కారణమునందు అవ్యక్తరూపమున ముందే యుండునని సాంఖ్యులందురు. లేనిదే క్రొత్తగా పుట్టునని నైయాయికులు. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుచేత మఱ్ఱిపండును, పిదప అందలి గింజను పగులగొట్టించి, కంటికి కానరాని ఆ అణిమనుండియే మహావృక్షము నిలిచినదని బోధించెను. ఈ ఉపదేశము సత్యమే యైనను, తాతలనాటి మిరపవిత్తును పెరటిలో పెంచువానికి అంతటితో తృప్తి కలుగదు. ఏలయన, సంకరజాతి మిరపకాయనుండి గింజలు తీసి నాటినచో ఒక మొక్క పొడుగు కాయలు కాయును, మఱియొకటి పొట్టివి. ఒకదాని ఘాటు హెచ్చు, మఱియొకదానిది తగ్గు. తల్లిమొక్కలో ఒక్కటిగా తోచినది బిడ్డలలో పలువిధముల చీలిపోవును. లోన ఏదో దాగియున్నదనుట సులభము; అది తరతరములకు ఒక్కతీరుగా ఎట్లు నిలుచుననునదే కష్టమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు దగ్గఱగా వచ్చినవారు బౌద్ధులు. గాదెలోని విత్తు మొలవదు, పొలములోని విత్తు మొలచును. కావున రెండును ఒకే వస్తువు గావు. క్షణక్షణమును వేఱువేఱు విత్తులు వరుసగా పుట్టి నశించుచున్నవి. ‘అదే విత్తు’ అని మన మనునది ఆ సంతానమునకు పెట్టుకొన్న పేరు మాత్రమేయని జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి వాదించిరి. ఉదయనాచార్యులు ఆత్మతత్త్వవివేకమున దీనిని ఖండించుచు, విత్తు ఒక్కటేయనియు, మన్ను, నీరు మొదలగు సహకారికారణములు సమకూడకుండుటవలననే ఆలస్యమయ్యెననియు సమాధానము చెప్పిరి. చలిలో నాటిన మిరపవిత్తు వారముల తరబడి కదలక యుండి, మన్నునకు 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనము కలిగినపిదప మొలకెత్తుట చూచినవారు ఆచార్యుల పక్షమునకే మొగ్గుదురు. అయినను ఆ మహానుభావు లుభయులును సహకారులలో ముఖ్యమైనదానిని లెక్కకు తెచ్చుకొనలేదని నా నమ్మకము. అది ఎన్నుకొను హస్తము.

మిరపపువ్వు చిన్నది, తెల్లనిది, తలవంచుకొని పూయును. తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. కాని తేనెటీగ పొరుగు మిరపనుండి పుప్పొడి తెచ్చినయెడల, ఆ కాయలో భేదమేమియు కానరాదు. భేదము మఱుసటి తరమున బయటపడును. అందువలన జాతిని కాపాడదలచినవారు మొగ్గ విచ్చకముందే కొమ్మకు పలుచని బట్టసంచి తొడిగి, పిందె కట్టినపిదప తీసివేసి, ఆ పిందె కాడకు దారము కట్టి గుర్తు పెట్టుదురు. ఆ కాయను కూరకు కోయరు. చెట్టుననే పూర్తిగా పండనిత్తురు. ఒక్క మొక్కను నమ్మక, తెగులు సోకనివియు, కాపు, ఆకారము, ఘాటు తమ యింటి రుచికి సరిపడినవియు నగు పెక్కు మొక్కలనుండి కాయలు తీసి, నీడలో ఆరబెట్టి, గింజలు రాల్చి, బూడిద కలిపి కుండలో దాచుట పల్లెలలోని పాత పద్ధతి. ఇందు అడుగడుగునను ‘ఇది కావలెను, అది వలదు’ అను నిర్ణయ మొకటి జరుగుచున్నది. ఏ యేటికాయేడు అది మఱల జరుగనిచో, కొన్ని తరములలోనే జాతి పేరు మిగులును గాని జాతి మిగులదు.

మనుష్యుని చేతికి రాకమునుపు ఈ పనిని పక్షులు చేసెను. అడవిమిరప మంట వానికి తెలియదు; కాయను మ్రింగి, గింజలను చెడకుండ దూరమున విడుచును. గింజలను నమలి పాడుచేయు ఎలుకలవంటి జంతువులను ఆ మంటయే తరిమివేయును. అట్లు తన్ను మోయువానిని తానే ఎన్నుకొనుచుండిన కారము, మానవుని పెరటిలో అతడు కోరి ఎన్నుకొను గుణమైనది.

ఆ పెరళ్లు మనవి మాత్రమే కావు. మిరప మెక్సికో దేశమున వేల సంవత్సరముల క్రిందట అచటి ఆదివాసుల చేతులలో సాగుమొక్కయై, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలతో మన పడమటి తీరమునకు చేరినది. అంతకుముందు మన వంటకములకు ఘాటునిచ్చినది మిరియము. గుంటూరు సన్నమును మన మిరపయని గర్వముగా చెప్పుకొనుట తగును. వరంగల్లు చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించుటయు సంతోషింపదగినదే. కాని ఆ మనతనములో, సముద్రమున కావల పేరు తెలియని తల్లులు మంచి కాయను విడిగా దాచిన వేలకొలది ఏండ్ల నిర్ణయములు చేరియున్నవి. పితృఋణము వంశము ననుసరించి వచ్చును; విత్తు తెచ్చు ఋణము వంశము నెఱుగదు, దేశము నెఱుగదు.

విత్తును శీతలాగారమున భద్రపఱచినచో ఈ చేతులతో పని యేమని యొక ఆక్షేపము కలదు. ఇంట దాచిన మిరపగింజ రెండు మూడేండ్లకు మొలకెత్తు శక్తిని చాలవఱకు కోల్పోవును. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపములలో 2008లో తెఱచిన విత్తనభాండాగారమున, మైనస్ 18 డిగ్రీల చలిలో, ఎన్నో ఏండ్లు నిలుచును. అయినను అచటికి విత్తులు పంపిన సంస్థలు సయితము తమయొద్ద నున్న గింజలను అప్పుడప్పుడు మొలిపించి పరీక్షించి, మొలకలు తగ్గినపుడు మఱల నేలలో నాటి, పరాయి పుప్పొడి సోకకుండ మిరపపూలకు వల కట్టి, క్రొత్త గింజలను తీసికొనవలసియే యున్నది.