మాదాపూర్‌లో తథాస్తు దేవతలు

అసురసంధ్య వేళ చెడు మాట నోట రాకూడదంటారు మన పెద్దలు. ఆ సమయంలో తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారనీ, చెవిన పడిన మాటకల్లా ‘తథాస్తు’ అనేస్తారనీ నమ్మకం. వాళ్లు అశ్వినీ దేవతలేననీ, అందుకే ఇద్దరనీ చెప్పేవాళ్లున్నారు. ఈ కథ ఆ అన్నదమ్ములది.

ఒకప్పుడు మాదాపూర్ మీదుగా వెళ్లడం వాళ్లకు తేలికైన పని. రాళ్ల గుట్టలు, తాటిచెట్లు, దుర్గం చెరువు, పొద్దుగూకి ఇళ్లకు మళ్లే గొర్రెలు. పొయ్యి రాజుకోక విసిగిపోయిన తల్లి పిల్లాణ్ని ‘నీ చేతులు పడిపోను’ అని తిట్టేది. తమ్ముడు నోరు తెరిచేవాడు. అన్న చప్పున చెయ్యి అడ్డం పెట్టేవాడు. “ఆగు. కాసేపు చూడు” అనేవాడు. చూస్తే ఆ తల్లే వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెడుతూ ఉండేది.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత గుట్టలు కరిగి అద్దాల మేడలు లేచాయి. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చింది. అన్నదమ్ములు ఆ తీగల మీద కూర్చుని వినడం అలవాటు చేసుకున్నారు. ఇక్కడ దీపాలు పెట్టే వేళకు న్యూజెర్సీలో తెల్లవారి, అక్కడి క్లయింటు ఫోను ముందు కూర్చుంటాడు. అటూ ఇటూ సంధ్యే. రోజంతటిలో బరువైన మాటలన్నీ ఆ ఘడియలోనే పడతాయి.

ఒక మేడలో ఏడో అంతస్తు. టీమ్ లీడ్ క్లయింటుతో మాట్లాడుతున్నాడు. “రేపటికి అయిపోతుంది సర్. అంతా గ్రీన్.” అసలు సంగతి వేరు. పని సగంలో ఉంది. ఆ సగంలో ఏం చిక్కుముళ్లున్నాయో అతనికీ పూర్తిగా తెలియదు. కాలేదంటే ఎదుటివాడి గొంతు మారుతుందన్న భయంతో అన్నాడు. తమ్ముడికి అదేమీ తెలియదు. శుభమైన మాట విని ముచ్చటపడి “తథాస్తు” అన్నాడు. మర్నాడు పని కాలేదు. మళ్లీ అదే మాట, మళ్లీ తథాస్తు, మళ్లీ కాలేదు.

“అన్నయ్యా, నా వాక్కుకు బలం పోయింది” అని తమ్ముడు కుంగిపోయాడు.

“పోలేదురా. నువ్వు పని వంక చూస్తున్నావు. మాట ఎటు పోయిందో చూడలేదు. దాని వెంట పోదాం పద.”

ఇద్దరూ మాట వెంట పోయారు. అది న్యూజెర్సీలో దిగింది. క్లయింటు తన పైవాళ్లకు శనివారం మొదలుపెడుతున్నామని చెప్పేశాడు. వాళ్లు పాత సాఫ్ట్‌వేర్ ఒప్పందం శనివారంతో ముగిసేలా ఉత్తరం పంపేశారు. అదే మాట విన్న మాదాపూర్ మేనేజర్, రాత్రి పని ఇక ఉండదు కదా అని రోస్టర్‌లోంచి ఒక క్యాబ్ తీయించాడు. ఆ క్యాబ్ నడిపే మనిషికి ఆ నెల బండి వాయిదా కట్టడం కష్టమైంది. టెస్టింగ్ చేసే అమ్మాయి, కరీంనగర్ పిల్ల, శనివారం ఖాళీ అనుకుని చెల్లెలి నిశ్చితార్థానికి బస్సు టికెట్టు తీసుకుంది.

“చూశావా, ఒక్క ‘రేపటికి’ మీద ఎంతమంది గోడలు లేపారో?” అన్నాడు అన్న.

శనివారం వచ్చింది. గోడలన్నీ కూలాయి. ఆ అమ్మాయి టికెట్టు రద్దు చేసుకుని రాత్రంతా కూర్చుంది. ఈ తప్పులు ముందే ఎందుకు పట్టుకోలేదని చివరికి ఆమెనే అడిగారు.

అప్పట్నుంచి ఆమె నోట ఒక మాట నాటుకుంది. భోజనాల దగ్గర, స్టాండప్‌లో, లిఫ్టులో, ఎవరేం అడిగినా ముందదే. “నాకు కోడింగ్ రానే రాదు. నాది టెస్టింగ్ బతుకే.” ఈసారి తమ్ముడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఒక్కసారి కూడా తథాస్తు అనలేదు.

అయినా ఒక సాయంత్రం లీడ్ కొత్త ప్రాజెక్టుకు పేర్లు రాస్తూ ఆమె పేరు రాసి కొట్టేశాడు. అందులో కక్ష ఏమీ లేదు. ‘పాపం, తనకు కోడింగ్ అంటే భయం. ఇబ్బంది పెట్టడం దేనికి?’ అనుకున్నాడు, అంతే.

తమ్ముడు తెల్లబోయాడు. “నేను అననే లేదే!”

“నువ్వనలేదు. అతనన్నాడు. అతనికంటే ముందు ఆ పిల్ల చెవులు అన్నాయి. ఆకాశంలో మనం ఇద్దరమే. కింద విన్న ప్రతి మనిషీ తథాస్తు అనగలడు.”

“మరి మనమెందుకు అన్నయ్యా?”

“ఆ తల్లి తిట్టినప్పుడు నీ నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టానో గుర్తుందా? విన్న మాట దగ్గర కాసేపు ఆగి చూడడం మన పని. వీళ్లకు అది నేర్పేవాళ్లు తక్కువైపోయారు.”

మర్నాడు సాయంత్రం మెట్రో స్తంభం పక్కన చాయ్ బండి దగ్గర ఆ అమ్మాయి మళ్లీ అదే మాట అంది. చాయ్ పోసే ఆమె గరిటె ఆపి చూసింది. “ఏందే గట్లంటవ్? రాదని ఎవలన్నరు? నా ఉద్దెర లెక్కంత ఫోన్ల ఎక్కిచ్చింది నువ్వే గదా! మూడు నెలలాయె, పైసా తప్పు రాలే.” గ్లాసు అందుకుంటున్న లీడ్ అది విన్నాడు. “ఏం లెక్క?” అని అడిగి చూశాడు. ఎవరి బాకీ ఎంతో, ఎవరిది ఎన్నాళ్లదో దానంతటదే లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం అది. అతను పైకి వెళ్లి కొట్టేసిన పేరు మళ్లీ రాశాడు.

ఆ సాయంత్రమే లీడ్ క్లయింటుతో ఫోనులో అన్నాడు, “నేను చెప్పిన తేదీ తప్పు సర్. ఇంకా మూడు వారాలు పడుతుంది. మిగిలిన పని ఇది” అని. అవతలివాడు కోప్పడ్డాడు. తర్వాత ఇవ్వాల్సిన పనిలో కొంత వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఇక్కడ క్యాబ్ మళ్లీ రోస్టర్‌లోకి వచ్చింది. తమ్ముడు తథాస్తు అనలేదు. మూడు వారాలకు పని అయింది.

ఇక నీతి.

మాటకు శక్తి ఉందా అని అడిగితే మనవాళ్లలో రెండు రకాల జవాబులు వస్తాయి. మంచి మాట పదిసార్లు అనుకుంటే మంచే జరుగుతుందని కొందరు. 2006లో ‘ది సీక్రెట్’ పుస్తకం వచ్చాక ఈ నమ్మకానికి కొత్త కాళ్లు మొలిచాయి. అమీర్‌పేట హాస్టళ్లలో ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు కూడా జీతం అంకె కాగితం మీద రాసి గోడకు అంటిస్తున్నారు. మాటలు గాలిలో కలిసిపోతాయి, పనే మిగులుతుందని మరి కొందరు. రెండూ సగం సగం నిజాలేనని నా అభిప్రాయం. మాట వస్తువుల్ని కదపలేదు, మనుషుల్ని కదుపుతుంది. ఆ మనుషులు వస్తువుల్ని కదుపుతారు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ఒక వ్యాసంలో బ్యాంకు కథ చెప్పాడు. బ్యాంకు బాగానే ఉంది. దివాలా తీస్తోందని ఎవరో అన్నారు. విన్నవాళ్లంతా డబ్బు కోసం వరస కట్టారు. సాయంత్రానికి నిజంగానే దివాలా తీసింది. అబద్ధం తనను తానే నిజం చేసుకుంది. అలాంటి పరుగులకు అడ్డుకట్ట వేసింది శుభవచనాలు కాదు. డబ్బు పోతే మేమిస్తామని 1933లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన డిపాజిట్ బీమా.

తియ్యటి మాటల సంగతి కూడా పరీక్షించినవాళ్లున్నారు. జర్మనీలో చదువు ముగించి ఉద్యోగాలకు బయల్దేరిన విద్యార్థుల్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు గాబ్రియేలె ఓటింగెన్, డోరిస్ మాయర్ గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచూ ఊహల్లో తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు. రెండేళ్ల తర్వాత చూస్తే వాళ్లకు అవకాశాలు తక్కువ, జీతాలూ తక్కువ. నాకు వచ్చే అవకాశం బలంగానే ఉందని అంచనా వేసుకున్నవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉంది. గోడ మీద అంకె అంటించుకున్న పిల్లలకు ఈ తేడా ఎవరైనా చెప్పాలి.

ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడికి ఇదే మాదాపూర్ ఐటీ కారిడార్ నుంచి వేలమంది వెళతారు, వీసా కోసం, ఉద్యోగం కోసం. హుండీ లేని గుడి అది. కోరిక కోరేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. అంటే అడిగిన మాటకు ముందే కాళ్లు కదలాలి, తర్వాత ఇచ్చిన మాటకు మళ్లీ కదలాలి. భక్తి ఉన్నవారికి దాని అర్థం ఇంకా పెద్దది. లేనివారు కూడా ఇంతవరకు నేర్చుకోవచ్చు.

మాదాపూర్ చూసిన అతిపెద్ద ‘అంతా గ్రీన్’ సత్యం కంప్యూటర్స్‌ది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఉన్నదానికీ చెప్పినదానికీ మొదట చిన్న తేడాయే ఉండేదని, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగిపోయిందని అందులోనే రాశారు. మూడు నెలలకోసారి చెప్పిన అంకె, దాన్ని నిలబెట్టడానికి మరో అంకె. విన్నవాళ్లు ఏం చేశారన్నది నాకు ఇంకా ముఖ్యం. ఆడిటర్లు సంతకాలు పెట్టారు. మదుపరులు వాటాలు కొన్నారు. కార్పొరేట్ పాలన బాగుందని 2008లో గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. అందరూ తథాస్తు అన్నవాళ్లే. లేఖ బయటపడిన రోజే వాటా విలువ ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. వేలాది ఉద్యోగుల ఇళ్లలో ఆ నెల జీతం వస్తుందా రాదా అన్న ప్రశ్న మొదలైంది. వాళ్లలో దాదాపు ఎవరూ ఆ అంకెలు పలికినవాళ్లు కాదు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉద్యోగం పోయినవాడితో ‘నువ్వు నెగటివ్‌గా మాట్లాడావు, అందుకే ఇలా అయింది’ అనడం అన్యాయం, క్రూరం కూడా. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు, 2022 చివరి నుంచి పెద్ద కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడు ఇక్కడ రోడ్డున పడ్డవాళ్లు తమ నోటివల్ల పడలేదు. ఎక్కడో ఎవరో వేసిన లెక్కలవల్ల పడ్డారు. మన మాట మన చుట్టూ ఉన్న కొద్దిమంది దాకా పోతుంది. అంతకు మించిన శక్తి దానికి అంటగడితే, ఆ బరువు దెబ్బతిన్నవాడి నెత్తిన పడుతుంది.

మాట్లాడేవాళ్లకు జాగ్రత్తలు మన ఇళ్లలో ఎప్పటినుంచో చెబుతున్నారు. వినేవాళ్లకు చెప్పింది తక్కువ. కాబట్టి లీడ్‌లకు, మేనేజర్లకు, సాయంత్రం పిల్లల చదువు దగ్గర కూర్చునే తల్లిదండ్రులకు ఇదొక విన్నపం. ఎవరైనా ‘నాకు రాదు’ అంటే వెంటనే ఒప్పుకోకండి, ఏం చేసి చూశారో చూపించమనండి. ‘రేపటికి అయిపోతుంది’ అంటే సంతోషించేముందు ఏం మిగిలిందో అడగండి. మిగిలింది ఫలానా అని నిజం చెప్పినవారిని, చెప్పినందుకు మాత్రం కోప్పడకండి.