నారాయణగూడలో తలుపు తెరిచేవాళ్లు

రఘునాథపల్లి



హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు ట్రాన్స్‌జెండర్లే నడిపిన క్లినిక్ దేశంలో అదే మొదటిది. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బిచ్చింది, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పథకాన్ని చేపట్టింది. తర్వాత పుణె, కల్యాణ్‌లలో మరో రెండు వచ్చాయి. హార్మోన్ల చికిత్సపై సలహా, హెచ్‌ఐవీ పరీక్ష, మనసు చెదిరినవాళ్లకు కౌన్సెలింగ్, గుర్తింపు కాగితాల కోసం న్యాయ సహాయం అక్కడే దొరికేవి. ఆ బృందాన్ని ముందుండి నడిపింది ఉద్యమకారిణి రచన ముద్రబోయిన.

అలాంటి చోటు ఎందుకు కావలసి వచ్చిందో పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడితే తెలుస్తుంది. వరుసలు రెండే, ఆడవాళ్లది, మగవాళ్లది. చీటీ మీద పాత పేరు, మనిషి ఒంటి మీద చీర. కాంపౌండరు ఆ పేరు గట్టిగా పిలవగానే వరుసంతా తిరిగి చూస్తుంది. కొందరు ఆ చూపులు పడలేక డాక్టరును చూడకుండానే ఇంటికి పోతారు. రోగం ముదిరాక మళ్లీ వస్తారు, లేదా రారు. అందుకే ఇలాంటి కేంద్రంలో ముందు అడగాల్సింది రోగం సంగతి కాదు, ఏ పేరుతో పిలవాలన్నది. పని చిన్నదే. రోజంతా, వచ్చిన ప్రతి మనిషితో, విసుగు లేకుండా చేయడమే కష్టం.

అలాంటి కేంద్రంలో రాసుకునే రిజిస్టరుకూ ఒక చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో 1919లో, అంటే 1329 ఫసలీలో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. వాళ్ల పేర్లతో ప్రభుత్వం దస్త్రం పెట్టాలి. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు.  నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకంలో నిలిచే ఉంది. దాన్ని సవాలు చేస్తూ వైజయంతి వసంత మొగ్లి మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్లారు. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. ఒకప్పటి దస్త్రంలో పేరుండటమంటే అనుమానితుల లెక్కలో చేరడమే. ఇప్పుడు క్లినిక్‌లో పేరు రాసేది మందు తేదీ తప్పకుండా ఉండటానికి. ఆ రిజిస్టరును ఇంటివాళ్లకు గానీ, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు గానీ చూపకుండా కాపాడే గుమాస్తా జీతం ఎంత చిన్నదైనా, ఆ మనిషి చేతిలో ఉన్నది ఎందరి పరువో.

డాక్టర్ ప్రాచీ రాథోడ్ మిత్ర్ క్లినిక్‌లో పనిచేశారు. 2022 నవంబరులో ఆమె, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, రాష్ట్రంలో ప్రభుత్వ కొలువు పొందిన మొదటి ట్రాన్స్‌జెండర్ వైద్యులయ్యారు. అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రులు రూత్‌కు ఉద్యోగం లేదని పంపేశాయి. ఎంబీబీఎస్ చదివినవాళ్లకే ఇంత జరిగితే, పదో తరగతి దాటని పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయడంతో నారాయణగూడ క్లినిక్ మూతపడింది. మూడు చోట్లా కలిపి అప్పటికి దాదాపు 5,000 మంది సేవలు పొందారు. మందులు మధ్యలో ఆపకూడని వాళ్లు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు వాషింగ్టన్‌లో సంతకం పెట్టినవాళ్లు జవాబు వెతకలేదు. వెతికింది ఇక్కడి సిబ్బందే. టాటా ట్రస్ట్స్ సాయంతో అదే ఏడాది సబ్‌రంగ్ అన్న కొత్త పేరుతో క్లినిక్ మళ్లీ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల హక్కులను కూడా చాటే ప్రైడ్ ఊరేగింపు హైదరాబాద్‌లో 2013 నుంచి ఉంది. అక్కడ చప్పట్లు కొట్టడం తేలిక. అద్దె కట్టాల్సిన నెలాఖరున తోడు నిలిచేవాళ్లు తక్కువ.

క్లినిక్ సిబ్బందిని దేవతలని పొగడటం కూడా ఒక రకం తప్పించుకోవడమే. దేవతలకు జీతం, సెలవు, నిద్ర అక్కర్లేదు కదా! ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉద్యోగం, అర్ధరాత్రి ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడి ఫోను, పొద్దున మళ్లీ కౌంటరు: వాళ్ల బతుకు ఇది. గౌరవం ఉన్నవాళ్లు ముందుగా నోరు అదుపులో పెట్టుకోవాలి. కేంద్రంలో ఎవరు కనబడ్డారో ఊళ్లో చెప్పకూడదు, ఒంటి గురించి ఆరాలు తీయకూడదు, వాళ్లు చెప్పిన పేరే పలకాలి. డిగ్రీ చదివే పిల్లలకు ఇంకో పని ఉంది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు దరఖాస్తు ఆన్‌లైన్‌లో కలెక్టరుకు పోతుంది. చదువు రానివాళ్లకు దాన్ని నింపిపెడితే కేంద్రంలో ఒకరికి కొంత భారం తగ్గుతుంది. క్లినిక్‌కు నెలనెలా పంపే కొద్ది డబ్బు విలువ, విదేశీ సాయం ఆగిన ఏడాది తర్వాత, ఇంకా పెరిగింది.

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 33 జిల్లాలకూ మైత్రి ట్రాన్స్ క్లినిక్‌లు ప్రారంభించింది. అవి బాగా నడిస్తే మా రఘునాథపల్లి మనిషి ప్రతి పరీక్షకూ పట్నం రైలెక్కక్కరలేదు, జనగామలోనే చూపించుకోవచ్చు. గది, బోర్డు ప్రభుత్వం ఇవ్వగలదు. లోపల కూర్చుని పేరు అడిగే మనిషిని మాత్రం ఆ సముదాయం నుంచే తీసుకుని, జీతం నెలనెలా సరిగా ఇవ్వాలి.